కారం వెనిగర్ ఇంట్లో ఎలా చేసుకోవాలి

అరలీటరు వెనిగర్, వంద గ్రాముల మిరపకాయలు, ఒక వెల్లుల్లి గడ్డ, కాస్త ఉప్పు. కారం వెనిగర్‌కు ముఖ్యంగా కావలసినవి ఇవే. చేతులతో చేసే పని అరగంటకు మించదు. ఆ తర్వాత రెండు మూడు వారాలు సీసాను దాని మానాన దాన్ని వదిలేస్తే చాలు, తినే ప్రతి పూటా పక్కన పెట్టుకోవాలనిపించే పులుపూ ఘాటూ తయారవుతాయి.

మిరపకాయలు రుబ్బి చేసే చిల్లీ సాస్ వేరు, ఇది వేరు. సాస్ చిక్కగా ఉండి తిండి మీద పూతలా కూర్చుంటుంది. కారం వెనిగర్ నీళ్ళలా పలచగా ఉంటుంది. నాలుగు చుక్కలు చల్లితే వేపుడులోకి ఇంకిపోతుంది, సూప్‌లో కలిసిపోతుంది. కంటికి కనిపించదు, నోట్లో పెట్టుకోగానే తెలుస్తుంది. ఫిలిప్పీన్స్‌లో దీన్ని సినమక్ అంటారు. చిట్టి మిరపకాయలతో పాటు వెల్లుల్లి, అల్లం, మిరియాలు వేస్తారు. ప్యూర్టో రికోలో పీకే అంటారు, అందులో అనాస తొక్క కూడా వేసేవాళ్ళున్నారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఉడికించిన ఆకుకూరల మీద చల్లుకోవడానికి మిరపకాయలు నింపిన వెనిగర్ సీసా బల్ల మీదే పెట్టుకుంటారు. దినుసులు మారినా పద్ధతి మాత్రం అన్నిచోట్లా ఒకటే: బలమైన వెనిగర్‌లో మిరపకాయలు వేసి ఓపిక పట్టడం.

నేను మొదటిసారి చేసినప్పుడు పులుపు మరీ ఎక్కువగా ఉందని పావు వంతు నీళ్ళు కలిపాను. పదిహేను రోజులకు పైన తెల్లటి తెట్టు కట్టింది, వాసన మారింది, మొత్తం పారబోశాను. ఆ రోజు నేర్చుకున్న సంగతి చుట్టూనే ఇక ముందు చెప్పేదంతా తిరుగుతుంది: సీసాలోకి నీళ్ళు చేరకూడదు, వెనిగర్ బలం తగ్గకూడదు. మిరపకాయల రకం మార్చుకోండి, వెల్లుల్లి మానేయండి, అల్లం ఎక్కువ వేసుకోండి, అది మీ రుచి. ఈ ఒక్క విషయంలో మాత్రం సర్దుకుపోవద్దు.

వెనిగర్

కొనేముందు లేబుల్ చదవండి. ఎసిటిక్ ఆమ్లం 5 శాతం అని రాసి ఉన్నదే తీసుకోండి. 4 శాతంవి కూడా దొరుకుతాయి. సలాడ్‌లో వేసుకోవడానికి అవి బాగానే ఉంటాయి కానీ ఈ పనికి నేను వాడను. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

తాజా మిరపకాయలో దాదాపు 88 శాతం నీళ్ళే. వంద గ్రాముల కాయలు అరలీటరు వెనిగర్‌లో వేస్తే, వాటిలోని 88 మిల్లీలీటర్ల నీళ్ళు మెల్లగా బయటికొచ్చి వెనిగర్‌లో కలుస్తాయి. అరలీటరు 5 శాతం వెనిగర్‌లో ఉన్న ఆమ్లం 25 గ్రాములు. అది ఇప్పుడు 588 మిల్లీలీటర్లలో సర్దుకోవాలి కాబట్టి బలం 4.25 శాతానికి దిగుతుంది. కాయలు రెండు వందల గ్రాములు వేస్తే 3.7కి వస్తుంది. అదే 4 శాతం వెనిగర్‌తో మొదలుపెట్టి వంద గ్రాములు వేసినా 3.4 దగ్గర ఆగుతుంది. మీరు ఒక్క చుక్క నీరు కలపకపోయినా జరిగేది ఇది. పైనుంచి నీళ్ళు కూడా పోస్తే ఏమవుతుందో ఇక చెప్పనక్కర్లేదు.

ఆమ్లం బలం గురించి ఇంత పట్టింపు దేనికంటే, ఇందులో పచ్చి వెల్లుల్లి, పచ్చి మిరపకాయలు, అల్లం ఉంటాయి. ఇవన్నీ మట్టిని తాకి వచ్చినవి, లేదా మట్టికి దగ్గర్లో పెరిగినవి. బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషాన్ని పుట్టించే బాక్టీరియా మట్టిలోనే ఉంటుంది. గాలి ఆడని చోట అది పెరగగలదు, కానీ పీహెచ్ (పులుపు బలాన్ని చెప్పే సంఖ్య, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కంటే తక్కువ ఉన్న పులుపులో పెరగలేదు. 5 శాతం తెల్ల వెనిగర్ పీహెచ్ దాదాపు 2.4 ఉంటుంది. అంటే మన దగ్గర బోలెడంత భద్రత ఉంది, మనం చేజేతులా పలచన చేసుకోనంత వరకు. నూనెలో వెల్లుల్లి వేసి బయట నిల్వ పెట్టడం ప్రమాదమనీ, వెనిగర్‌లో వేసి పెట్టడం ప్రమాదం కాదనీ చెప్పేది ఇందుకే.

రకాల సంగతి. తెల్ల వెనిగర్ రుచి సూటిగా, పదునుగా ఉంటుంది. మిరప వాసన, వెల్లుల్లి వాసన మాత్రమే పైకి రావాలనుకుంటే ఇదే మంచిది. యాపిల్ సిడార్ వెనిగర్‌లో పండు వాసన, కాస్త తియ్యదనం ఉంటాయి, ఎర్ర మిరపకాయలతో చక్కగా కుదురుతుంది. చెరకు వెనిగర్, కొబ్బరి వెనిగర్ మెత్తగా ఉంటాయి, దొరికితే తప్పకుండా ప్రయత్నించండి. బియ్యం వెనిగర్ చాలావరకు 4 శాతం చుట్టుపక్కలే ఉంటుంది, పైగా కొన్నిటిలో చక్కెర, ఉప్పు ముందే కలిపి అమ్ముతారు, కాబట్టి చూసి కొనండి. ఎసిటిక్ ఆమ్లాన్ని నీళ్ళలో కలిపి తయారుచేసే సింథటిక్ వెనిగర్ కూడా పని చేస్తుంది కానీ పులుపు తప్ప వెనక ఇంకేమీ ఉండదు. చుక్కలుగా వేసుకుని రుచి చూసే పదార్థానికి పులియబెట్టి చేసిన వెనిగర్ మీద పెట్టే ఖర్చు వృథా కాదని నా అభిప్రాయం.

శుభ్రం చేసుకోవడానికి అమ్మే క్లీనింగ్ వెనిగర్ జోలికి వెళ్ళొద్దు, అది తినడానికి కాదు. ఇంట్లో పులియబెట్టిన వెనిగర్ ఉంటే దాన్ని వేరే వాటికి వాడుకోండి, దాని బలం ఎంతో మనకు తెలియదు.

మిరపకాయలు

ఏ మిరపకాయైనా పనికొస్తుంది, గట్టిగా, నిగనిగలాడుతూ ఉండాలి అంతే. మెత్తబడినవి, తొడిమ దగ్గర నల్లబడినవి, ముడతలు పడినవి తీసి పక్కన పెట్టండి. ఒక్క కుళ్ళిన కాయ సీసా మొత్తాన్ని పాడు చేస్తుంది.

ఎంత కారం కావాలో ముందే అనుకోండి. మిరప కారాన్ని కొలిచే పద్ధతిని 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్ ఫార్మసిస్టు కనిపెట్టాడు. మిరప సారాన్ని చక్కెర నీళ్ళలో కలుపుతూ, రుచి చూసేవాళ్ళకు కారం తెలియకుండా పోయేదాకా పలచన చేసేవాడు. ఆ కొలతలో హాలపీన్యో మిరప 2,500 నుంచి 8,000, కేయెన్ 30,000 నుంచి 50,000, బర్డ్స్ ఐ అనే చిట్టి మిరప 50,000 నుంచి లక్ష, హబనేరో లక్ష నుంచి మూడున్నర లక్షల దాకా ఉంటాయి. మొదటిసారి చేసేవాళ్ళు మధ్యరకం ఘాటున్న కాయలతో మొదలుపెట్టడం మంచిది. హబనేరో లాంటివైతే రెండో మూడో వేసి, మిగతా బరువు తక్కువ కారం ఉన్న వాటితో నింపండి. వాటి పండు వాసన వెనిగర్‌లో అద్భుతంగా వస్తుంది, కానీ వంద గ్రాములూ అవే వేస్తే ఎవరూ తినలేరు.

కారమంతా గింజల్లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్లటి భాగంలో పుడుతుంది. గింజలకు ఉన్న కారం దాన్ని రాసుకుని వచ్చినదే. కాబట్టి కారం తగ్గించాలంటే గింజలు దులిపితే సరిపోదు, ఆ తెల్లటి భాగాన్ని చాకు మొనతో గీకేయాలి. కారం పూర్తిగా కావాలంటే వెనిగర్ లోపలికి వెళ్ళి ఆ భాగాన్ని తాకేలా కాయను చీల్చాలి. గాటు పెట్టకుండా సీసాలో వేసిన కాయలు నెల తర్వాత కూడా సగం కారాన్ని లోపలే దాచుకుంటాయి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కాయ లోపలి గాలి పోక అది పైకి తేలుతుంది. తేలిన భాగం వెనిగర్ బయట ఉండి బూజు పడుతుంది.

ఎండుమిర్చి కూడా వాడొచ్చు. నీళ్ళు దాదాపు ఉండవు కాబట్టి వెనిగర్ పలచబడే గొడవ లేదు. అరలీటరుకు 20 గ్రాములు చాలు. ముందుగా పొడి మూకుడులో సన్నని సెగ మీద అర నిమిషం వేడి చేస్తే వాసన లేస్తుంది. నల్లబడనివ్వొద్దు, చేదు వస్తుంది. తాజా కాయలు ఇచ్చే పచ్చి వాసన ఎండువాటితో రాదు, వాటికి బదులుగా ముదురు రంగు, కొంచెం పొగ వాసన వస్తాయి. నాకు రెండూ కలిపి, అంటే 80 గ్రాముల పండు మిరపకాయలు, నాలుగైదు ఎండువి వేసి చేసింది అన్నిటికన్నా నచ్చింది.

రంగు గురించి ఒక మాట. పచ్చి కాయలు వారం తిరిగేసరికి పాలిపోయి మట్టి పచ్చరంగుకు మారతాయి. ఆకుపచ్చ రంగునిచ్చే క్లోరోఫిల్‌లోని మెగ్నీషియాన్ని ఆమ్లం బయటికి తోసేయడం వల్ల అలా అవుతుంది, చెడిపోయిందని కంగారు పడకండి. ఎర్ర కాయల రంగు వేరే పదార్థాల వల్ల వస్తుంది, అది పులుపుకు తట్టుకుంటుంది. సీసా అందంగా కనిపించాలంటే పండినవే తీసుకోండి.

తోడు దినుసులు

వెల్లుల్లి ఎనిమిది నుంచి పది రెబ్బలు. చితకగొట్టకుండా, ఒక్కోదాన్ని నిలువుగా రెండు ముక్కలు చేయండి. చితకగొడితే వెనిగర్ మబ్బుగా అవుతుంది. బొటనవేలంత అల్లం, చెక్కు తీసి పలచటి బిళ్ళలుగా. మిరియాలు ఒక టీస్పూను, గింజలుగానే వేయాలి, పొడి వద్దు. ఉప్పు ఒక టీస్పూను. కల్లుప్పు అయితే మంచిది, మెత్తటి ఉప్పులో గడ్డ కట్టకుండా కలిపే పదార్థాల వల్ల అడుగున తెల్లటి మడ్డి చేరుతుంది. చక్కెర అర టీస్పూను, అది తీపి కోసం కాదు, పులుపు అంచులు కాస్త మెత్తబడటానికి. వద్దనుకుంటే మానేయండి.

ఇంకా ఏం వేయొచ్చంటే, ధనియాలు ఒక చెంచా, లేదా ఆవాలు అర చెంచా, లేదా ఒక బిర్యానీ ఆకు. వీటిలో ఏదో ఒకటి చాలు. అన్నీ వేస్తే ఏ రుచీ విడిగా తెలియదు. లవంగం అయితే ఒకటే, రెండోది వేస్తే సీసా అంతా అదే వాసన. ఉల్లిపాయ, క్యారెట్ లాంటివి వేసే అలవాటు కొందరికి ఉంది. అవి నీళ్ళు ఎక్కువ వదులుతాయి కాబట్టి వేసినంత మేరకు మిరపకాయల బరువు తగ్గించండి.

నూనె మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. నూనె పైకి తేలి, వెల్లుల్లి ముక్కల్ని చుట్టుకుని, వెనిగర్ వాటిని తాకకుండా అడ్డుపడుతుంది.

సీసా, మూత, గిన్నె

ముప్పావు లీటరు పట్టే వెడల్పు మూతి గాజు సీసా తీసుకోండి. సన్నమూతి సీసా తర్వాత, వడకట్టాక. ముందే సన్నమూతి దాంట్లో చేస్తే ఉబ్బిన కాయలు బయటికి రాక సీసా కడగడం నరకం.

మూత ప్లాస్టిక్‌దై ఉండాలి. లోహపు మూతల లోపలి పూతను వెనిగర్ ఆవిరి తినేస్తుంది. నా దగ్గర ఒక సీసా మూత నెలలో తుప్పు పట్టి, ఎర్రటి నీరు లోపలికి కారింది. లోహపు మూతే ఉంటే సీసా మూతి మీద బటర్ పేపర్ రెండు మడతలు వేసి బిగించండి. వెనిగర్ వేడి చేసే గిన్నె స్టీలుదో, పగుళ్ళు లేని ఎనామిల్‌దో కావాలి. అల్యూమినియం, రాగి, ఇత్తడి, ఇనుము గిన్నెలు పులుపులో కరుగుతాయి, వాడొద్దు.

ఇక చేద్దాం

ముందు సీసాను సబ్బుతో కడిగి, మునిగేంత నీళ్ళలో పెట్టి, నీళ్ళు మరగడం మొదలయ్యాక పది నిమిషాలు ఉంచండి. తీసి శుభ్రమైన గుడ్డ మీద బోర్లించండి. లోపల తడి పూర్తిగా ఆరిపోవాలి. తొందరగా ఉంటే సన్నని వేడి ఓవెన్‌లో ఐదు నిమిషాలు పెట్టండి. ప్లాస్టిక్ మూతను వేడినీళ్ళతో కడిగి ఆరబెడితే చాలు.

సీసా ఆరేలోగా మిరపకాయలు తొడిమతోనే కడగండి. తొడిమ తీసి కడిగితే ఆ రంధ్రంలోంచి నీళ్ళు లోపలికి వెళ్తాయి. కడిగాక గుడ్డ మీద పరిచి గంటసేపు ఆరనివ్వండి. ఈ గంట దగ్గరే చాలామంది తొందరపడతారు. కాయల మీది తడి కొంచెమే కదా అనిపిస్తుంది, కానీ యాభై చిట్టి కాయల మీది చుక్కలన్నీ కలిస్తే ఒకటి రెండు చెంచాలవుతాయి.

చేతులకు గ్లవ్స్ వేసుకుని తొడిమలు తీయండి. చిన్నకాయలకు చాకుతో నిలువుగా ఒక గాటు చాలు, కొన దగ్గర అంటుకునే ఉండనివ్వండి. వేలికంటే పొడవున్న వాటిని అంగుళం ముక్కలు చేయండి. గ్లవ్స్ లేకపోతే అరచేతులకు కాస్త వంటనూనె రాసుకుని మొదలుపెట్టండి. పని అయ్యాక ఇంకోసారి నూనె రుద్ది, ఆపైన గిన్నెలు తోమే సబ్బుతో కడగండి. మిరపలోని కారం, అంటే క్యాప్సైసిన్, నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో తేలిగ్గా కరుగుతుంది. అందుకే వట్టి నీళ్ళతో ఎన్నిసార్లు కడిగినా మంట తగ్గదు. ఆ చేతులతో కన్ను నలుపుకుంటే ఎంత బాధో నాకు తెలుసు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళు ఆ రోజు మరింత జాగ్రత్తగా ఉండాలి.

సీసా అడుగున మిరియాలు, ధనియాల లాంటి గింజలు వేయండి. వాటి మీద అల్లం, వెల్లుల్లి, ఆపైన మిరపకాయలు. గరిటె కాడతో మెల్లగా నొక్కి సర్దండి, చితక్కూడదు. సీసా మెడ దాకా నింపొద్దు, పైన రెండు వేళ్ళ చోటు వదలండి.

ఇప్పుడు వెనిగర్‌ను స్టీలు గిన్నెలో పోసి, ఉప్పు, చక్కెర వేసి మధ్యస్థం సెగ మీద పెట్టండి. కిటికీ తెరవండి, గిన్నె మీదికి వంగి వాసన చూడొద్దు, ఆ ఆవిరి కళ్ళలో, గొంతులో గుచ్చుకుంటుంది. అంచుల వెంట చిన్న చిన్న బుడగలు మొదలై ఆవిరి బాగా లేచేటప్పుడు దించేయండి. థర్మామీటర్ ఉన్నవాళ్ళు 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆపండి. తెర్లనివ్వాల్సిన పని లేదు, సిడార్ వెనిగర్ లాంటివి తెర్లితే వాటి సువాసన పోతుంది.

వేడి చేయకుండా చల్లటి వెనిగర్ పోస్తే కుదరదా అని అడుగుతారు. రుచి వస్తుంది, ఆలస్యంగా వస్తుంది. కానీ వేడిగా పోస్తే రెండు లాభాలు. దినుసుల మీద మిగిలిన సూక్ష్మజీవులు చాలావరకు చచ్చిపోతాయి, కాయ తోలు కాస్త మెత్తబడి వెనిగర్ లోపలికి త్వరగా దిగుతుంది. నేను ఎప్పుడూ వేడిగానే పోస్తాను.

సీసా చల్లగా ఉంటే వేడి వెనిగర్‌కు పగలొచ్చు. కింద మడత పెట్టిన గుడ్డ వేసి, ముందు పావుకప్పు పోసి, సీసాను అటూ ఇటూ తిప్పి వెచ్చబడనిచ్చి, తర్వాత మిగతాది గరాటుతో పోయండి. కాయలన్నీ మునిగి, వాటి మీద కనీసం ఒక వేలు మందం వెనిగర్ నిలవాలి. శుభ్రమైన చెంచా కాడను సీసా అంచుల వెంట దించి కదిపితే ఇరుక్కున్న గాలి బుడగలు పైకొస్తాయి. గాలి పోయాక మట్టం తగ్గుతుంది, మళ్ళీ పోయండి. పూర్తిగా చల్లారాక మూత పెట్టి, ఆ రోజు తేదీ రాసి అంటించండి. తేదీ రాయడం చిన్న పనే, మూడో వారంలో దాని విలువ తెలుస్తుంది.

ఎదురుచూసే రోజులు

ఎండ తగలని, పొయ్యికి దూరంగా ఉన్న అలమారలో పెట్టండి. మొదటి వారం రోజూ ఒకసారి చూడండి. కాయలు తేలి బయటికొస్తే సీసాను మెల్లగా తిప్పి ముంచండి. మరీ మొండిగా తేలుతుంటే, మరిగించి ఆరబెట్టిన చిన్న గాజు గిన్నెనో మూతనో లోపల బరువుగా పెట్టొచ్చు.

మూడో రోజు రుచి చూస్తే వెల్లుల్లి ముందుంటుంది, కారం వెనకబడి ఉంటుంది. వెనిగర్‌లో 95 శాతం నీళ్ళే కాబట్టి క్యాప్సైసిన్ అందులోకి దిగడానికి సమయం తీసుకుంటుంది. వారానికి కారం తెలుస్తుంది. రెండు వారాలకు పులుపు, కారం, వెల్లుల్లి విడివిడిగా కాకుండా ఒకే రుచిగా నాలుకకు అందుతాయి. నాకు ఇష్టమైన ఘట్టం మూడో వారం చివర. అక్కడి నుంచి కారం ఇంకొంచెం పెరగొచ్చు కానీ మిరప తాజా వాసన తగ్గడం మొదలవుతుంది.

పులుపులో కారం ఎందుకంత పదునుగా తగులుతుందో కూడా తెలుసుకుంటే రుచి చూడటంలో ఇంకా ఆనందం ఉంటుంది. క్యాప్సైసిన్ మన నాడుల్లో వేడిని గుర్తించే ఒక గ్రాహకాన్ని కదిలిస్తుంది. టీఆర్‌పీవీ1 అనే ఆ గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త బృందం గుర్తించింది, ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. 43 డిగ్రీలు దాటిన వేడి కూడా దాన్నే కదిలిస్తుంది, ఆమ్లం కూడా. అందుకే వేడివేడి సూప్‌లో పడిన నాలుగు చుక్కలు చల్లటి సలాడ్‌లో పడిన నాలుగు చుక్కల కన్నా కారంగా అనిపిస్తాయి. రుచి చూసి కారం చాలలేదనుకునే ముందు వేడి తిండితో ఒకసారి తిని చూడండి.

వడకట్టడం

మూడు వారాలయ్యాక రెండు దారులు. అలాగే కాయలతో ఉంచుకుని వాడుకోవచ్చు, లేదా పలచటి గుడ్డలోంచో కాఫీ ఫిల్టర్ కాగితంలోంచో వడకట్టి సన్నమూతి సీసాలో పోసుకోవచ్చు. వడకడితే తేటగా ఉంటుంది, రుచి ఆ రోజు ఎక్కడుందో అక్కడే నిలుస్తుంది. గుడ్డను పిండకండి, మడ్డి దిగుతుంది. దానంతట అదే కారనివ్వండి.

వడకట్టినది ఫ్రిజ్‌లో ఆరేడు నెలలు బాగుంటుంది. బయట చల్లటి చోట పెడితే రెండు మూడు నెలల్లో వాడేయండి. మిగిలిన కాయల్ని పారేయొద్దు, వాటిలో ఇంకా చాలా రుచి ఉంది. సన్నగా తరిగి శాండ్‌విచ్‌లో, నూడుల్స్ మీద వేసుకోండి. ఫ్రిజ్‌లో పెట్టి రెండు వారాల్లో తినేయండి.

కాయలతోనే ఉంచుకునేవాళ్ళు, వాడేకొద్దీ మట్టం తగ్గి కాయలు బయటపడకుండా చూసుకోవాలి. సగం అయ్యాక అదే 5 శాతం వెనిగర్ వేడి చేసి చల్లార్చి పోసి, వారం ఆగి వాడండి. ఇలా రెండుసార్లు బాగానే వస్తుంది. మూడోసారి కారం నీరసిస్తుంది, అప్పుడు కాయలు తీసేసి కొత్తగా మొదలుపెట్టడమే మేలు.

ఇది చెడిందా?

వెల్లుల్లి నీలంగానో ఆకుపచ్చగానో మారితే భయపడకండి. అందరూ మొదట టెన్షన్ పడేది దీనికే. వెల్లుల్లిలోని గంధకపు పదార్థాలు, అమైనో ఆమ్లాలు పులుపులో కలిసి ఆ రంగు పుట్టిస్తాయి. ఫ్రిజ్‌లో చాలాకాలం ఉన్న వెల్లుల్లిలో ఇది ఎక్కువ. తినడానికి ఏ ఇబ్బందీ లేదు, రుచి కూడా మారదు.

అడుగున జెల్లీలాంటి పొరో, మధ్యలో పలచటి తెరో కనిపిస్తే అది వెనిగర్ తల్లి కావొచ్చు. ఆల్కహాల్‌ను వెనిగర్‌గా మార్చే బాక్టీరియా కట్టుకునే సెల్యులోజ్ పొర అది. వడకట్టని సిడార్ వెనిగర్‌తో చేసినప్పుడు వస్తుంటుంది, హాని లేదు, తీసేయండి.

పైన బొచ్చులాంటి బూజు, అది తెలుపైనా నలుపైనా పచ్చదైనా, కనిపిస్తే మాత్రం మొత్తం పారబోయండి. పైపైన తీసేసి వాడొద్దు. మూత తీయగానే బుస్సుమని గ్యాస్ వచ్చినా, కాయలు జిగటగా జారుతున్నా, కుళ్ళు వాసన వచ్చినా అంతే. రుచి చూసి నిర్ణయిద్దామని కూడా అనుకోవద్దు. ఇలా అయితే దాదాపు ఎప్పుడూ కారణం మూడింట్లో ఒకటి: వెనిగర్ పలచగా ఉంది, కాయలు తేలాయి, లేదా తడి చెంచా పెట్టారు.

వాడుకోవడం

వేయించిన చేప, కోడి, బంగాళదుంప ముక్కల మీద చల్లి చూడండి. నూనె బరువు దిగిపోతుంది. ఉడికించిన గింజల్లో, పప్పుల సూప్‌లో దించేటప్పుడు ఒక చెంచా వేయండి. పొయ్యి మీద ఉండగా వేస్తే వాసన ఆవిరితో పోతుంది. వేయించిన గుడ్డు మీద నాలుగు చుక్కలు. తరిగిన కీరా, ఉల్లిపాయలతో రెండు చెంచాలు కలిపి పది నిమిషాలు ఉంచితే విడిగా సలాడ్ డ్రెస్సింగ్ అక్కర్లేదు. మాంసం నానబెట్టడానికి వాడితే గంటకు మించి ఉంచకండి, పులుపుకు పైభాగం పిండిలా అవుతుంది.

వట్టిగా తాగడం, ఎక్కువసేపు నోట్లో ఉంచుకోవడం వద్దు, పళ్ళ మీది ఎనామిల్ కరుగుతుంది. కడుపులో పుండ్లు, ఛాతీలో మంట ఉన్నవాళ్ళు దీనికి దూరంగా ఉండాలి. కారం ఎక్కువై నోరు మండితే నీళ్ళు కాకుండా పాలు తాగండి, పాలలోని కేసీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుని నాలుక మీద నుంచి తీసుకెళ్తుంది.

మొదటి సీసా సగం అయ్యేసరికి రెండోది మొదలుపెట్టండి. మూడు వారాలు ఆగాలి కదా, మధ్యలో సీసా ఖాళీగా ఉంటే ఆ లోటు ప్రతి భోజనంలో తెలుస్తుంది. రెండోసారి మిరపకాయల రకం ఒక్కటే మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచండి. అప్పుడు ఆ రుచిలో ఏది వెల్లుల్లిదో, ఏది వెనిగర్‌దో, ఏది మిరపదో మీ నాలుకకే తెలిసిపోతుంది.